రాజుగారి పేరు మీద వైరాగ్యం: కవికీ వేదాంతికీ మధ్య పాత తగాదా

 

ఈ వారం వీడియో వనపర్తి జిల్లా పాన్‌గల్‌లో, కోట గుట్ట వెనకాల కనిపించేలా కూర్చుని చేశాం. వీడియోలో పట్టని విషయాలు చాలా మిగిలిపోయాయి. వాటిని ఇక్కడ తీరిగ్గా చెప్పుకుందాం. వీడియో చూడనివాళ్లు కూడా దీన్ని విడిగా చదువుకోవచ్చు.

ముందు ప్రశ్న. మీలో చాలామంది రకరకాలుగా అడిగేది ఇదే. "పాట వింటే కళ్లల్లో నీళ్లు తిరుగుతాయి. అన్నమయ్య కీర్తన ఇయర్‌ఫోన్స్‌లో పెట్టుకుంటే మెట్రోలో నిలబడి ఉన్నా ఒళ్లు పులకరిస్తుంది. అదే గీతాభాష్యం తెరిస్తే నాలుగో పేజీకల్లా నిద్ర ముంచుకొస్తుంది. ఇంతకీ నాకు భక్తి ఉన్నట్టా, లేనట్టా?"

"భక్తి ఉంటే చాలు నాయనా, జ్ఞానం దానంతట అదే వస్తుంది" అని చెప్పేస్తే మీరూ సంతోషిస్తారు, నా పనీ తేలికవుతుంది. కానీ ఈ ప్రశ్న వెనక చాలా పాత తగాదా ఒకటి ఉంది. మనిషిని మార్చేది అందమైన మాటా, నిజమైన మాటా? కవి చెప్తే వినాలా, వేదాంతి చెప్తే వినాలా? రెండూ ఒకటేలే అని తీసిపారేయకండి. ఈ విషయం మీద పెద్దపెద్దవాళ్లు గట్టిగానే పోట్లాడుకున్నారు.

గ్రీసు దేశంలో ప్లేటో ఉన్నాడు కదా. ఇప్పటికి సుమారు 2400 ఏళ్ల కిందట ఆయన "రిపబ్లిక్" అనే గ్రంథం రాశాడు. దాని చివరి భాగంలో, అంటే పదో పుస్తకంలో, కవిత్వానికీ తత్త్వశాస్త్రానికీ మధ్య పాత వైరం ఒకటి ఉందని అంటాడు. గమనించండి, ఆయన నాటికే అది "పాత" వైరం! ఆయన ఊహించిన మంచి నగరంలో కవులకి చోటు లేదన్నాడు. ఎందుకని? నాటకంలో ఎవడో ఏడుస్తుంటే మనం కూర్చుని హాయిగా ఏడుస్తాం. అదే ఏడుపు మన ఇంట్లో వస్తే నిగ్రహించుకోవాలనుకుంటాం. అంటే కవి మనలో దేన్ని అదుపులో పెట్టుకోవాలో దానికే మేత వేసి పెంచుతున్నాడు. ఇది ఆయన అభియోగం. పైగా కవికి తాను చెప్పే విషయం నిజంగా తెలియదు, తెలిసినట్టు మాత్రం చెప్తాడు అంటాడు.

ఇక్కడ రెండు సంగతులు చాలామంది చెప్పరు. ఒకటి, చిన్నప్పటినుంచీ హోమర్ అంటే తనకి ప్రేమా గౌరవమూ ఉన్నాయని చెప్పుకుంటూనే ప్లేటో ఈ మాటలంటాడు. ద్వేషంతో గెంటెయ్యలేదన్నమాట, ఇష్టమైనదాన్ని మనసు రాయి చేసుకుని దూరం పెట్టాడు. రెండోది, దేవతల స్తోత్రాలకీ మంచివాళ్ల మీద చెప్పిన ప్రశంసలకీ మాత్రం ఆయన అనుమతి ఇచ్చాడు. ఆ లెక్కన మన భజన మండలివాళ్లు ప్లేటోగారి ఊళ్లోకి టికెట్ లేకుండా వెళ్లిపోవచ్చు. ఆయన గురువు సోక్రటీస్ సంగతి ఇంకా విచిత్రం. జీవితమంతా ప్రశ్నలతోనే గడిపిన మనిషి, మరణశిక్ష పడి చెరసాలలో ఉన్న చివరి రోజుల్లో ఈసప్ కథల్ని పద్యాలుగా కడుతూ కూర్చున్నాడట. సంగీతం చెయ్యమని ఒక కల ఎప్పటినుంచో వస్తోందనీ, తత్త్వవిచారమే ఆ సంగీతం అనుకున్నాననీ, ఎందుకైనా మంచిదని ఇప్పుడు పద్యాలు కూడా రాస్తున్నాననీ మిత్రులతో చెప్పాడు. "ఫీడో" అనే సంభాషణలో ఈ ఘట్టం ఉంది.

సరే, అది వాళ్ల గొడవ. మనకి లేదా అంటే, లేకేం! కావ్యాల ముచ్చట్లు పెట్టుకోవద్దు, వదిలెయ్యి అనే నిషేధం మన సంప్రదాయంలోనూ ఉంది. శాస్త్రం చదివేవాడికి కావ్యం కాలక్షేపం అనే చిన్నచూపు. దానికి జవాబు చెప్పినవాడు ఎవరో కాదు, మన మెదక్ జిల్లా కొల్చారం వాడు, కోలాచల మల్లినాథ సూరి. కాళిదాసు రఘువంశానికి "సంజీవని" అనే వ్యాఖ్యానం రాస్తూ మొదట్లోనే ఈ సంగతి తేల్చేశాడు. ఆ నిషేధం చెడ్డ కావ్యాలకే వర్తిస్తుంది, మంచి కావ్యం మాత్రం మనిషికి ఎన్నో విధాల శ్రేయస్సు ఇచ్చే సాధనం అన్నాడు.

ఈ మాట అన్నది తర్కం అంటే భయపడే మనిషి కాదు. వైశేషికం, న్యాయం, వేదాంతం, వ్యాకరణం అన్నీ మథించినవాడు. ఆ సంగతి ఆయనే దర్జాగా చెప్పుకున్నాడు కూడా. అంత చదివినవాడు కూర్చుని కాళిదాసు శ్లోకాల్లో ఒక్కొక్క మాటనీ విప్పి చెప్పాడు. చెడ్డ వ్యాఖ్యానాల విషం ఎక్కి కాళిదాసు వాక్కు మూర్ఛపోయింది, దానికి ప్రాణం పోస్తున్నాను కనుక నా వ్యాఖ్యానం సంజీవని అన్నాడు. ఇంకో నియమం కూడా పెట్టుకున్నాడు: ఆధారం లేనిది రాయను, అవసరం లేనిది చెప్పను. శ్లోకం కింద మనకి తోచిన అర్థం పెట్టి, వెనక వేణువు పాట వేసి రీల్స్ వదులుతున్నాం కదా, అవి చూసినప్పుడల్లా నాకు ఆ మూర్ఛ మాట గుర్తొస్తుంది. మన చానెల్‌ని కూడా కలుపుకునే అంటున్నాను.

ఇప్పుడు పాన్‌గల్ దగ్గరికి వద్దాం. ఈ కోట చుట్టుపక్కల ప్రాంతాన్ని ఒకసారి ఊహించుకోండి. ఒకవైపు వనపర్తి సంస్థానం, ఒకవైపు ఆత్మకూరు రాజధానిగా అమరచింత, కృష్ణ దాటితే గద్వాల, ఇటు వస్తే జటప్రోలు. నాలుగూ పండితుల్నీ కవుల్నీ పోషించిన సంస్థానాలే. గద్వాలని అయితే "విద్వద్గద్వాల" అనే పిలిచేవాళ్లు. శాస్త్రవాదం చేసేవాడూ పద్యం చెప్పేవాడూ ఒకే సభలో పక్కపక్కన కూర్చున్న నేల ఇది. కాబట్టి మన తగాదా ఇక్కడ పుస్తకాల్లో కాకుండా మనుషుల మధ్య ఎదురెదురుగా నడిచింది.

నేను చెప్పబోయేది జటప్రోలు సంగతి. అక్కడ సురభివారి ఆస్థానంలో, 17వ శతాబ్దంలో, ఎలకూచి బాలసరస్వతి అనే మహానుభావుడు ఉండేవాడు. మామూలు కవి కాదు. "రాఘవ యాదవ పాండవీయం" అని ఒక కావ్యం రాశాడు. ఒకే పద్యం చదివితే రాముడి కథా, కృష్ణుడి కథా, పాండవుల కథా మూడూ నడుస్తాయి. తెలుగు వ్యాకరణం మీద వ్యాఖ్యానం కూడా రాశాడు. అంటే ఇటు శాస్త్రం, అటు కవిత్వం, రెండూ చేతిలో ఉన్న మనిషి. ఆయన భర్తృహరి సుభాషితాలు మూడు శతకాల్నీ తెలుగు చేసి, ప్రభువైన సురభి మల్ల భూపాలుడి పేరు మీద "మల్లభూపాలీయం" అని పెట్టాడు. భర్తృహరి తెలుగు అనగానే మనకి ఏనుగు లక్ష్మణకవి గుర్తొస్తాడు. ఆయనకంటే ముందే ఈ పని ఇక్కడ, కృష్ణ ఒడ్డున జరిగింది.

భర్తృహరి గురించి మీకు తెలిసిన కథే. రాజుగారు అమరఫలాన్ని రాణికిస్తే, అది ఆమె ప్రియుడికీ, అతనినుంచి ఇంకొకరికీ చేతులు మారి మళ్లీ రాజుగారి దగ్గరికే వచ్చింది. దాంతో విరక్తి పుట్టి రాజ్యం వదిలేశాడు అంటారు. కథ సంగతి ఎలా ఉన్నా, ఆయన మూడు శతకాల్లో మూడు రకాల మనుషులున్నారు. నీతి శతకంలో లోకం తెలిసిన పెద్దమనిషి. శృంగార శతకంలో అందానికి తల వంచిన యువకుడు. వైరాగ్య శతకంలో ఇవన్నీ చాలు, ఇక శివుడే అనుకున్నవాడు. కవీ వేదాంతీ ఒకే ఒంట్లో పోట్లాడుకుంటున్నట్టుంటుంది.

బాలసరస్వతి చేసిన పని చూడండి. శతకం కదా, ప్రతి పద్యం చివరా మకుటం ఉండాలి. మూడు శతకాలకీ రాజుగారి పేరే పెట్టాడు, కానీ విశేషణం మార్చాడు. నీతి శతకంలో రాజుని నీతిలో బృహస్పతివి అని పిలుస్తాడు. శృంగారంలో స్త్రీల పాలిట మన్మథుడివి అంటాడు. మరి వైరాగ్య శతకంలో ఏమని పిలవాలి? విరాగివి అంటాడా? అనలేదు. పాండిత్యమే నీకు అలంకారం అన్నాడు.

నేను ఈ ఒక్క మాట దగ్గర చాలాసేపు ఆగిపోయాను. వైరాగ్య శతకం అంటే మామూలు విషయమా? రాజుల గుమ్మాల ముందు కాచుకుని కూర్చోవడం కంటే అడవి మేలు అనే ధోరణి అందులో అడుగడుగునా ఉంటుంది. నీది ధనం గొప్ప అయితే మాది విద్య గొప్ప అని రాజుకి ఎదురు నిలబడే స్వరం ఉంటుంది. అలాంటి పుస్తకాన్ని ఒక రాజుగారి సభలో, రాజుగారి పేరుతోనే ముగిసే పద్యాలుగా, రాజుగారు ఇచ్చే సన్మానం అందుకోబోయే కవి చదవాలి. రాజుల్ని వదిలెయ్యమని చెప్పే పద్యం "ఓ రాజా" అని ముగుస్తుంది!

ప్లేటోగారు గనక ఆ సభలో ఉంటే లేచి నిలబడి "చూశారా, నేను చెప్పలేదూ" అనేవాడు. వైరాగ్యం వింటూ సభంతా తలలూపుతుంది, భళా అంటుంది, శాలువా కప్పుతుంది. ఎవరూ ఏదీ వదలరు. వైరాగ్యం కూడా ఒక రుచి అయి కూర్చుంటుంది. ఈ అభియోగాన్ని మనం తేలిగ్గా తీసుకోకూడదు. ఎందుకంటే అది రాజుగారి మీద కంటే మన మీద ఎక్కువ వర్తిస్తుంది. పొద్దున స్టేటస్‌లో "అన్నీ అశాశ్వతం" అని పెట్టి, ఆ ఫోన్‌లోనే పక్క యాప్‌లో ఆఫర్ అయిపోతుందేమోనని కంగారు పడే తరం మనది. రాజుగారికి కనీసం సభ అయ్యేదాకా కూర్చోవాల్సి వచ్చింది. మనకి ముప్పై సెకన్లు చాలు.

అయితే బాలసరస్వతి తరఫున కూడా ఒక మాట ఉంది. ఆయన అబద్ధం చెప్పలేదు. నీతిలో బృహస్పతి, అందంలో మన్మథుడు అనడం ఆస్థానంలో మామూలు పొగడ్త. ఎవరూ దాన్ని కొలబద్ద పెట్టి కొలవరు. కానీ వైరాగ్యం దగ్గరికి వచ్చేసరికి రాజుకి లేనిదాన్ని అంటగట్టకుండా ఆగాడు. నీకు చదువుంది, ఇది అర్థమవుతుంది అన్నంత వరకే అన్నాడు. మిగతాది రాజుకే వదిలేశాడు. ఇది నా చదువు మాత్రమే, ఛందస్సు కోసమే ఆ మాట పడిందని ఎవరైనా అంటే నేను పోట్లాడను. కానీ ఛందస్సుకి సరిపోయే మాటలు ఆ పండితుడికి నూరు దొరుకుతాయి.

పాన్‌గల్‌లో షూటింగ్ మధ్యలో హోటల్ దగ్గర టీ తాగుతుంటే ఒక పెద్దాయన కలిశాడు. మా మాటల్లో భర్తృహరి పేరు వినపడి, చిన్నప్పుడు నేర్చుకున్న పద్యం ఒకటి రాగం తీసి చదివాడు. దానం చెయ్యనిదీ, తాను తిననిదీ అయిన డబ్బుకి మిగిలేది నాశనమే అనే నీతి పద్యం. చివర్న "సురభిమల్లా" అని రాగానే రెండు చేతులూ జోడించాడు.

"అర్థం చెప్తారా తాతా?" అన్నాను.

"అర్థం గిర్థం నాకేం ఎరుక బిడ్డా. పంతులు బెత్తం పట్టి నేర్పిండు. నోట్లె ఉండిపోయింది. మల్లన్న మీది పద్యం కద, దండం పెట్టుకోవాలె."

శ్రీశైలం మల్లన్న అనుకున్నాడు! నల్లమల పక్కన పుట్టి పెరిగిన మనిషికి మల్లా అంటే ఇంకెవరు గుర్తొస్తారు? మల్ల భూపాలుడు ఒక రాజు అని చెప్దామని నోరు తెరిచి ఊరుకున్నాను. ఆయన తర్వాత చెప్పిన మాట విన్నాక చెప్పాలనిపించలేదు.

"మా తమ్మునికి నాకు ఎకరం చెల్క కాడ పదేండ్లు మాటల్లేవు. ఒకదినం గట్టు మీద ఒక్కన్నే కూసున్న. గీ పద్యం దానంతటదే నోటికొచ్చింది. అప్పుడు తెలిసింది, ఓహో ఇది నాకే చెప్తున్నదని."

"మరి ఇచ్చేశారా?"

"అర్ధెకరం ఇచ్చిన. మిగిలిన దానికి ఇంకా మనసొస్తలేదు."

ప్లేటో రాసిన "అయాన్" అనే చిన్న సంభాషణలో హోమర్ పద్యాలు అద్భుతంగా పాడే గాయకుడొకడు ఉంటాడు. నీకు దాని విషయం తెలియకుండానే పాడుతున్నావు అని సోక్రటీస్ అతన్ని పట్టుకుంటాడు. నిజమే, తాతకి కూడా తెలియదు. ఎవరు రాశారో తెలియదు, ఎవరి మీదో తెలియదు, అర్థం తెలియదు. కానీ తెలియకుండా మోసుకొచ్చిన మాట ఎన్నో ఏళ్ల తర్వాత, అవసరమైన చోట, గట్టు మీద బయటికొచ్చింది. ఒక శాస్త్రవాక్యాన్ని అర్థం కాకుండా అన్నేళ్లు నోట్లో పెట్టుకోగలమా? పద్యానికి ఆ బలం ఉంది. మనిషి సిద్ధంగా లేనప్పుడే లోపలికి వెళ్లి కూర్చుంటుంది. అయితే అర్ధెకరం ఇప్పించింది పద్యం ఒక్కటే కాదు. ఇది నాకే చెప్తున్నదా అని ఆయన ఆ గట్టు మీద వేసుకున్న ప్రశ్న కూడా. ఆ ప్రశ్న తత్త్వవేత్తది.

మన ఆలంకారికులు దీన్ని చాలా జాగ్రత్తగా చెప్పారు. 14వ శతాబ్దంలో విశ్వనాథుడు "సాహిత్యదర్పణం"లో కావ్యం ఇచ్చే ఆనందాన్ని బ్రహ్మానందానికి సహోదరం అన్నాడు. అదే ఇది అనలేదు, తోబుట్టువు అన్నాడు. ముఖాలు ఒకేలా ఉంటాయి, చూసినవాళ్లు ఒకరినొకరుగా పొరబడతారు, కానీ మనుషులు వేరు. ఎక్కడ వేరు? పాట వింటున్నంతసేపూ "నాది" అనేది పక్కకి తప్పుకుంటుంది. రాముడి దుఃఖం నా దుఃఖం కాదు, పరాయి దుఃఖమూ కాదు. ఆ కాసేపు అహంకారం మాయమవుతుంది. యోగికీ అది మాయమవుతుంది. కానీ పాట ఆగగానే మనది తిరిగొచ్చేస్తుంది, పాత ఎకరం, పాత తమ్ముడు, పాత లెక్కలతో సహా. బ్రహ్మజ్ఞానికి తిరిగి రాదు. తేడా అంతే, కానీ చిన్న తేడా కాదు.

కాబట్టి మొదటి ప్రశ్నకి నా జవాబు ఇది. పాట వింటే కన్నీళ్లు వస్తున్నాయంటే మీకు భక్తి ఉన్నట్టా? ఆ కన్నీటిని బట్టి నేనైతే చెప్పలేను. పాట అయిపోయాక వచ్చే పది నిమిషాలు ఎలా ఉన్నాయో చెప్పండి, అప్పుడు చూద్దాం. ఇయర్‌ఫోన్స్ తీశాక క్యాబ్ డ్రైవర్‌తో ఎలా మాట్లాడారు? అమ్మ ఫోన్ చేస్తే ఎత్తారా? కన్నీళ్లు రావడం తప్పని చెప్పడం లేదు. అవి రాని మనిషికి గీతాభాష్యం చదివినా ఉపయోగం తక్కువే. నిద్ర రావడానికి కారణం కూడా అదే కావచ్చు, లోపల తడి లేకపోతే విత్తనం పట్టదు. కానీ తడి ఒక్కటే ఉంటే బురదే మిగులుతుంది.

ఇంకో సంగతి. ఏడో శతాబ్దంలో మన దేశానికి వచ్చిన చైనా యాత్రికుడు ఇత్సింగ్, భర్తృహరి గురించి ఒక విషయం రాసిపెట్టాడు. ఆయన ఏడుసార్లు సన్యసించి ఏడుసార్లూ మళ్లీ సంసారంలోకి వచ్చేశాడట. ఒకసారి మఠంలోకి వెళ్తూ, బయట బండి సిద్ధంగా ఉంచమని శిష్యుడికి చెప్పి మరీ వెళ్లాడట! ఇత్సింగ్ చెప్పింది "వాక్యపదీయం" రాసిన వ్యాకరణ తత్త్వవేత్త భర్తృహరి గురించి. శబ్దమే బ్రహ్మం, లోకమంతా ఆ శబ్దం విచ్చుకోవడమే అన్న దార్శనికుడు. శతకాల కవీ ఆయనా ఒక్కరేనా అన్న విషయంలో పండితులకి ఏకాభిప్రాయం లేదు. సంప్రదాయం మాత్రం ఒక్కరే అంటుంది. నాకు ఆ బయట నిలబెట్టిన బండి అంటే ఇష్టం. అంతటివాడికే అటూఇటూ ఏడుసార్లు పట్టింది. మనం సోమవారం పాటలో మునిగి మంగళవారం కోపంలో తేలితే నిరాశపడాల్సిన పనిలేదు. అలాగని బండిని శాశ్వతంగా బయటే ఉంచుకుందామా అంటే, అది మీరే తేల్చుకోవాలి.

"కవి" అనే మాటని కూడా ఒకసారి చూడండి. ఈశావాస్యోపనిషత్తు ఎనిమిదో మంత్రం పరమాత్మనే కవి అంటుంది. అక్కడ కవి అంటే అన్నీ దాటి చూసేవాడు అని అర్థం. గీత పదో అధ్యాయంలో కృష్ణుడు కవుల్లో నేను ఉశనసుణ్ణి అంటాడు. ప్లేటో అభియోగం ఏమిటి? కవి చూడకుండా చెప్తాడని. మన ఋషులు కవి అనే పేరు ఇచ్చిందే చూసినవాడికి. అందుకే నన్నయగారు 11వ శతాబ్దంలో భారతం మొదలుపెడుతూ, ఇదే గ్రంథాన్ని వేదాంతులు వేదాంతంగా చూస్తారు, కవులు మహాకావ్యంగా చూస్తారు అని చెప్పగలిగాడు. ఆ భరోసా అందరు కవులకీ ఇవ్వలేం. ఏ పాట వెనక చూపు ఉంది, దేని వెనక ట్యూన్ మాత్రమే ఉంది అనేది మనమే అడిగి తెలుసుకోవాలి. మల్లినాథుడు చెప్పిన మంచి కావ్యం, చెడ్డ కావ్యం తేడా అక్కడే పనికొస్తుంది.

జటప్రోలు ఇప్పుడు నాగర్‌కర్నూల్ జిల్లాలో ఉంది. రాజధాని తర్వాత కొల్లాపురానికి మారింది. శ్రీశైలం జలాశయం వచ్చాక పాత ఊరు నీళ్లలోకి పోయింది. గుడుల్ని రాయి రాయి విప్పి గట్టు మీదికి తెచ్చి మళ్లీ కట్టారు. రాజుగారి పేరు మాత్రం ఆ పద్యాల చివర అలాగే ఉంది, తాత లాంటివాళ్లు చేతులు జోడించేటప్పుడు శివుడి పేరుగా మారి. పాపం మల్ల భూపాలుడు ఈ మలుపు ఊహించి ఉండడు. భర్తృహరి మాత్రం కాదనడు, ఆయన వైరాగ్య శతకం మొదలయ్యేదే యోగుల మనసనే ఇంట్లో దీపంలా వెలిగే శివుడితో.

ఈ వారం మీకు ఒక పని. భర్తృహరి వైరాగ్య శతకంలో ఏదో ఒక్క పద్యం, ఏ అనువాదమైనా సరే, కంఠస్థం చెయ్యండి. అర్థం ముందే చూడొద్దు. నాలుగు రోజులు రాగం తీసి చదవండి, బస్సులోనో స్నానం చేస్తూనో. అయిదో రోజు అర్థం చూసి, మకుటం ఉన్నచోట రాజుగారి పేరు తీసేసి మీ పేరు పెట్టి చదవండి. ఎలా అనిపించిందో నాకు చెప్పండి.

వచ్చే వారం వీడియో అలంపురం నుంచి, జోగులాంబ అమ్మవారి సన్నిధిలో. నవబ్రహ్మ ఆలయాలన్నీ శివాలయాలే అయినా బ్రహ్మ పేర్లు ఎందుకున్నాయి అని అడుగుతున్నారు కదా, ఆ సంగతి అక్కడ మాట్లాడుకుందాం.